వెనక తలుపు తాళం తీయండి

ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, బఫే మంచి రద్దీ మీద ఉండగా, డాలస్ దగ్గర తెలుగువాళ్ళు నడిపే ఒక రెస్టారెంటుకు పనిచోటు భద్రత చూసే ఓషా సంస్థ తనిఖీ అధికారి వచ్చారు. అరగంట తిరక్కుండానే చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపులన్నిటికీ 'రెయిడ్' అనే కబురు పాకింది. ఐస్ (ఇమిగ్రేషన్) వాళ్ళని ఒకరు, లేబర్ వాళ్ళని ఒకరు, ఆ స్ట్రిప్ మాల్ వైపు ఎవరూ వెళ్ళొద్దని ఇంకొకరు. రెండు మూడు దుకాణాలు పట్టపగలే మూతపడ్డాయి. ఆ రాత్రి మన తెలుగు సంఘం కార్యవర్గానికి వచ్చిన ఫోన్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: వాళ్ళను లోపలికి రానివ్వకపోతే ఏమవుతుంది?

ఆ అధికారి ఎందుకు వచ్చారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఒక కుర్రాడి చెయ్యి కాలినందుకు వచ్చారు. అంతకు కొన్నాళ్ళ ముందు, రాత్రి వంటగది కట్టేసే హడావిడిలో, ఫ్రయర్ ఆపిన కాసేపటికే కింది వాల్వు తిప్పి నూనెను ప్లాస్టిక్ బకెట్‌లోకి వదిలారు. బకెట్ అడుగు మెత్తబడి జారిపోయింది. పట్టుకున్న కుర్రాడికి మోచేతి నుంచి వేళ్ళదాకా తోలు ఊడొచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకుని చికిత్స చేశారు. "రూములో పకోడీలు వేసుకుంటుంటే ఒలికిందని చెప్పు" అని దారిలో కార్లోనే నేర్పారు. ఆ మాట నేర్పిన యజమాని చెడ్డవాడు కాదు. కుర్రాడి తల్లిది ఆయన ఊరే, వాడు ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు, ఆసుపత్రి బిల్లులో సింహభాగం ఆయనే కట్టారు. భయంతో చెప్పించారు. ఆ భయం తెలుగు ఇళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా చట్టం దగ్గర ఆ భయం చెల్లదు. పనిలో దెబ్బ తగిలి ఒక్క ఉద్యోగి ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరినా, వేలు తెగినా, కన్ను పోయినా యజమాని 24 గంటల్లో ఓషాకు చెప్పాలి. ప్రాణం పోతే 8 గంటల్లో. పనివాళ్ళు పదిమందికి మించని చోట గాయాల రిజిస్టరు రోజూ రాయక్కర్లేదన్న మినహాయింపు ఉంది గానీ, ఈ కబురు చెప్పడంలో ఎంత చిన్న దుకాణానికీ మినహాయింపు లేదు.

ఓషా అంటే కార్మిక శాఖ కింద పనిచేసే వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ. 1970 డిసెంబరు 29న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం చేసిన చట్టంతో పుట్టింది. టెక్సస్‌లో ప్రైవేటు వ్యాపారాలను నేరుగా ఫెడరల్ ఓషాయే చూస్తుంది. కాలిఫోర్నియా, మిషిగన్, నార్త్ కరొలైనా లాంటి చోట్ల రాష్ట్రాలకే సొంత సంస్థలున్నాయి కాబట్టి అక్కడి బంధువులు చెప్పే నియమాలు ఇక్కడ అచ్చంగా అతకవు. చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైనది జనరల్ డ్యూటీ క్లాజ్. ప్రాణం తీసే, లేదా తీవ్రంగా గాయపరిచే ప్రమాదం ఉందని అందరికీ తెలిసిన చోట, ప్రత్యేకంగా నియమం రాసి లేకపోయినా సరే, దాన్ని తప్పించాల్సిన బాధ్యత యజమానిదే అని దాని అర్థం.

ఇక ఫోన్లలో అడిగిన ప్రశ్నకు జవాబు. అధికారి ముందు చెప్పి రారు. అనుమతి లేకుండా ముందే ఉప్పందించడం నేరం. వచ్చాక గుర్తింపు కార్డు చూపిస్తారు, నమ్మకం చిక్కకపోతే ఏరియా ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. అక్కడికక్కడే డబ్బు కట్టమంటే వచ్చినవాడు మోసగాడని అర్థం, తనిఖీ అధికారి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. వారెంట్ తెమ్మని అడిగే హక్కు యజమానికి ఉంది. 1978లో ఐడహో రాష్ట్రానికి చెందిన బార్లో అనే ప్లంబింగ్ వ్యాపారి కేసులో సుప్రీంకోర్టే ఆ మాట చెప్పింది. అడగొచ్చు, తప్పులేదు. కానీ వారెంట్ తెచ్చుకుని మళ్ళీ వస్తారు.

లోపలికి వచ్చాక ముందు కూర్చుని, ఎందుకొచ్చారో చెప్తారు. ఫిర్యాదు వల్ల వస్తే దాని కాపీ ఇస్తారు గానీ, పేరు చెప్పొద్దని కోరిన ఉద్యోగి పేరు అందులో ఉండదు. తర్వాత దుకాణమంతా తిరిగి చూస్తారు, యజమాని తరఫున ఒకరు వెంట నడవొచ్చు. ఫోటోలు తీస్తారు. పనివాళ్ళతో విడిగా మాట్లాడతారు. ఆఖర్న చూసినవాటి గురించి మళ్ళీ కూర్చుని చెప్తారు. తప్పులుంటే ఆరు నెలల లోపల సైటేషన్ వస్తుంది. అందులో ఏ నియమం తప్పారో, ఎంత జరిమానానో, ఏ తేదీలోగా సరిదిద్దాలో రాసి ఉంటుంది. ఆ సరిదిద్దడాన్నే అబేట్‌మెంట్ అంటారు. ఒప్పుకోకపోతే 15 పనిదినాల్లో లిఖితంగా అభ్యంతరం తెలపాలి, ఆ గడువులోనే ఏరియా డైరెక్టరుతో మాట్లాడుకునే వీలుంది. గడువు దాటితే అదే తుది ఉత్తర్వు. వచ్చిన కాగితాన్ని డ్రాయర్లో దాచకూడదు, తప్పు దొరికిన చోటుకు దగ్గర్లో అందరికీ కనబడేలా అతికించాలి.

2025 లెక్క ప్రకారం ఒక్కో సీరియస్ ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 16,550 డాలర్లు. తెలిసి చేసినదైతే, లేదా చేసిన తప్పే మళ్ళీ చేస్తే 1,65,514 డాలర్ల దాకా వెళ్తుంది. చిన్న వ్యాపారాలకు బాగా తగ్గిస్తారు, వెంటనే సరిదిద్దినవాళ్ళకు ఇంకా తగ్గుతుంది. ఎక్కువమంది ఇళ్ళలో ఇంతవరకే చర్చ జరుగుతోంది, డాలర్ల దగ్గరే ఆగిపోతోంది.

ఆగస్టు తనిఖీలో బయటపడ్డ ఇంకో సంగతి గురించి అంత చర్చ లేదు. అధికారి వచ్చారనగానే ఇద్దరు కుర్రాళ్ళను వెనకనుంచి పంపించేయబోయారు. వెనక తలుపు తెరుచుకోలేదు. దొంగల భయంతో గొలుసు వేసి తాళం పెట్టారు, తలుపుకు అడ్డంగా సోనామసూరి బస్తాలు, నూనె డబ్బాలు. ఆ వంటగదిలో ఆ సమయానికి మూడు స్టవ్‌లు, తందూరు మండుతున్నాయి. ఆ క్షణాన రావాల్సిన ఆలోచన జరిమానా గురించి కాదు. 1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేస్తే తలుపు తాళం తీసే దారిలేక, కొందరు మంటల్లో చిక్కుకుని, కొందరు కిటికీల్లోంచి దూకి, మొత్తం 146 మంది చనిపోయారు. అది పాతకాలం కథ అనుకునేవాళ్ళు నార్త్ కరొలైనాలోని హామ్‌లెట్ గురించి తెలుసుకోవాలి. 1991 సెప్టెంబరు 3న అక్కడి చికెన్ ప్లాంటులో ఫ్రయర్ దగ్గర హైడ్రాలిక్ గొట్టం ఊడి మంటలు లేచాయి. తలుపులకు తాళాలున్నాయి. 25 మంది చనిపోయారు. పదకొండేళ్ళుగా నడుస్తున్న ఆ ప్లాంటులోకి ఒక్క భద్రతా తనిఖీ అధికారి కూడా అడుగుపెట్టలేదు. యజమానికి దాదాపు 20 ఏళ్ళ జైలుశిక్ష పడింది.

2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు పోయినప్పుడు, ఈ ఊరి తెలుగువాళ్ళు రోజుల తరబడి అదే మాట్లాడుకున్నారు. అక్కడ తనిఖీలు సరిగ్గా జరగవని, ఎవరికీ పట్టింపు లేదని బాధపడ్డారు. నిజమే. మరి తనిఖీ జరిగే దేశంలో ఉంటూ, అధికారి వచ్చారంటే షట్టర్లు దించుకోవడం ఏం న్యాయం?

ఈ సంచికలో అన్నిటికన్నా బరువైన మాట పిల్లల గురించి. చదువుకోవడానికి వచ్చి, ఫీజులకూ అద్దెకూ చాలక రాత్రిళ్ళు పనిచేసే పిల్లలు. ఊళ్ళో తల్లిదండ్రులు ఫోన్ చేస్తే "బానే ఉన్నా" అంటారు. చెయ్యి కాలినా అంటారు, నడుము పట్టేసినా అంటారు. సెలవడిగితే షిఫ్టు పోతుందని, నోరు విప్పితే ఇంకేదో పోతుందని వాళ్ళ బెంగ. వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది: వీసా సంగతి చూడటం ఓషా పని కాదు. పనిచేసే మనిషి ఏ దేశం వాడైనా, ఏ కాగితాల మీద ఉన్నా భద్రత చట్టం వర్తిస్తుంది. ప్రమాదం గురించి చెప్పినందుకు పనిలోంచి తీసేసినా, గంటలు కోసినా ఓషాకు ఫిర్యాదు చేయొచ్చు. దానికి గడువు 30 రోజులే. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా కట్టి తీరాలన్న నియమం లేదు, కాబట్టి పనిలో చేరే రోజునే ఆ బీమా ఉందా అని అడగడం మర్యాద తప్పడం కాదు. బీమా లేదంటే ఆ సంగతి ఉద్యోగికి తెలపడం యజమాని విధి.

గ్యాస్ స్టేషన్లలో రాత్రి ఒక్కడే కౌంటర్లో నిలబడే పిల్లాడిని తలుచుకుంటే ఏ తల్లికి నిద్రపడుతుంది? కౌంటర్లో కాల్పులకు బలైనవాళ్ళ పేర్లు తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు చదివారో పాఠకులకు తెలుసు. రాత్రి దుకాణాల కోసం ఓషా ఇచ్చిన సూచనలు కష్టమైనవేమీ కావు. బయట వెలుతురు బాగుండాలి. కౌంటరు రోడ్డు మీదికి కనబడాలి, అంటే అద్దాల నిండా బీరు పోస్టర్లు అతికించకూడదు. గల్లాలో కొద్ది డబ్బే ఉంచి మిగతాది డ్రాప్ సేఫ్‌లో వెయ్యాలి. వీలైనంత వరకు ఒక్కరినే వదిలెయ్యకూడదు. ఇవి సూచనలే, చట్టం కాదు కదా అని వాదించే యజమానులు ఆ కౌంటర్లో తమ కొడుకును నిలబెడతారా అన్నది ఒక్కసారి ఆలోచించాలి.

సొంత పిల్లల విషయంలోనూ అంతే. వేసవిలో అమ్మానాన్నల దుకాణంలో సాయం చేయడం మంచిదే, పిల్లలకు పని విలువ తెలుస్తుంది. తల్లిదండ్రులే పూర్తి యజమానులైతే గంటల పరిమితి వర్తించదు. బయట పనిచేసే 14, 15 ఏళ్ళవాళ్ళకు మాత్రం బడి ఉన్న రోజు 3 గంటలు, ఆ వారమంతా కలిపి 18 గంటలే. అయితే ఫెడరల్ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలు మాంసం కోసే స్లైసర్, నాన్ పిండి కలిపే పెద్ద మిక్సర్ లాంటివాటి మీద చెయ్యి పెట్టకూడదు. కడగడానికి విప్పడం కూడా కూడదు. దుకాణం అమ్మానాన్నలదైనా మిక్సర్ బ్లేడుకు తెలియదు.

ఈ పత్రికకు ప్రకటనలిచ్చి, ప్రతి పండక్కీ భోజనాలు పంపి సంఘాన్ని నిలబెడుతున్నవాళ్ళలో ఎక్కువమంది రెస్టారెంట్లు, మోటళ్ళు, గ్యాస్ స్టేషన్లు నడిపేవారే. వారి మీద ఎంతో గౌరవంతోనే ఇది రాయాల్సి వచ్చింది. అసలు అధికారి వచ్చేదాకా ఆగక్కర్లేదు. టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖ కింద ఆష్‌కాన్ అనే కార్యక్రమం ఉంది. పిలిస్తే నిపుణులు ఉచితంగా వచ్చి దుకాణం చూసి, ఏది ప్రమాదమో చెప్పి వెళ్తారు. సైటేషన్ రాయరు, జరిమానా వెయ్యరు. చూపించిన తీవ్రమైన లోపాలను గడువులోగా సరిదిద్దుతామని మాట ఇస్తే చాలు. పనివాళ్ళకు శిక్షణ వాళ్ళకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలన్నది ఓషా మాట. తెలుగు మాత్రమే వచ్చిన వంటమనిషి చేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే శిక్షణ అయిపోదు. అందుకోసం సంఘం యువజన విభాగం ఫ్రయర్, గ్యాస్, శుభ్రం చేసే రసాయనాల జాగ్రత్తల్ని ఒక పేజీ తెలుగులో తయారు చేసింది. అందుకు ఆ పిల్లలకు ధన్యవాదాలు. కాపీలు కావలసినవారు కార్యదర్శిని అడగవచ్చు.

ఈ జాగ్రత్త సంఘానికీ వర్తిస్తుంది. బతుకమ్మ సంబరాలకు రాత్రింబవళ్ళు కష్టపడ్డ వాలంటీర్లకు, పూలు తెచ్చిన అక్కచెల్లెళ్ళకు, సౌండ్ సిస్టం ఉచితంగా ఇచ్చిన సభ్యుడికి సంఘం రుణపడి ఉంది. అయితే ఆ రోజు హాలు పక్కతలుపుకు అడ్డంగా మడత కుర్చీలు గుట్ట వేశారు. ఎగ్జిట్ గుర్తు కుర్చీల వెనక దాగిపోయింది. దీపావళికి అదే హాలు, జనం ఇంకా ఎక్కువ. కుర్చీలు స్టేజీ వెనక గదిలోనే పెట్టాలని, దానికి ఇద్దరు బాధ్యులు ఉండాలని కార్యవర్గం తీర్మానించింది. పేర్లివ్వదలచినవారు ముందుకు రావాలి.

సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివారు దీపావళి లోపల కట్టగలరు. సంక్రాంతి సంచికకు కథలు, కవితలు, పిల్లల బొమ్మలు నవంబరు నెలాఖరుకల్లా అందాలి. పనిచోట ప్రమాదం గురించి చెప్పాలంటే ఓషా ఫోను 1-800-321-6742. ఈ నంబరును సంచిక వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేశాం, కత్తిరించి వంటగది గోడకు అతికించుకోవచ్చు.