గీత మారితే మారేది సంఖ్యే, న్యాయం కాదు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హామ్‌ట్రామిక్ అనే చిన్న నగరం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 5.4 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఒక పక్క కొద్దిమేర హైలాండ్ పార్క్ అనే మరో చిన్న నగరం తగులుతుంది, మిగిలిన అన్ని వైపులా డెట్రాయిట్ మహానగరమే. 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 28,433. ఆ రాష్ట్రంలో ఇంత జనసాంద్రత గల నగరం మరొకటి లేదు. 2022 జనవరిలో ఈ నగర మేయరుగా, ఆరుగురు కౌన్సిల్ సభ్యులుగా బాధ్యతలు చేపట్టినవారంతా ముస్లిములే. ఆ వార్తను మనవారిలో కొందరు గర్వంగా పంచుకున్నారు. మనమంటే గిట్టనివారు దానినే జనాన్ని భయపెట్టడానికి వాడుకున్నారు. ఆ నగర చరిత్ర తెలిస్తే ఈ గర్వమూ ఉండదు, ఆ భయమూ ఉండదు.

1910లో అక్కడ ఉన్నది 3,559 మంది. ఆ సమయంలోనే డాడ్జ్ సోదరులు కార్ల కర్మాగారం నెలకొల్పారు. ఉపాధి కోసం పోలండ్ నుంచి వలస వచ్చినవారితో పదేళ్లలో జనాభా 48 వేలు దాటింది. 1930 నాటికి 56,268కి చేరింది. వీధుల్లో పోలిష్ భాష వినిపించేది, కేథలిక్ చర్చీలు వెలిశాయి. 1980లో ఆ కర్మాగారం మూతపడింది. పోలిష్ కుటుంబాల తరువాతి తరాలు ఒక్కొక్కటిగా శివార్లకు తరలిపోయాయి. వారు వదిలిన చౌక ఇళ్లలోకి యెమెన్, బంగ్లాదేశ్, బోస్నియాల నుంచి వచ్చిన కుటుంబాలు చేరాయి. 2010లో 22,423కి పడిపోయిన జనాభా మళ్లీ పెరిగింది ఈ కొత్తవారి వల్లనే. నేల అదే, ఇళ్లు అవే. మారింది ఆ ఇళ్లలో ఉండేవారు మాత్రమే.

ఈ మార్పులన్నీ సాఫీగా జరగలేదు. పోలిష్ జాతీయులు అధిక సంఖ్యలో ఉన్న కాలంలో, నగర పునరుద్ధరణ పేరిట నల్లజాతివారి నివాసాలను కూల్చి వారిని ఊరు దాటించే ప్రయత్నం జరిగింది. బాధితులు 1968లో కోర్టుకెక్కారు. ఇది ఉద్దేశపూర్వకంగా చేసిన వివక్షేనని 1971లో ఫెడరల్ న్యాయమూర్తి డేమన్ కీత్ తీర్పు చెప్పారు. అయినా వారికి దక్కవలసిన ఇళ్ల కోసం దశాబ్దాల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఒకప్పుడు పరాయి భాషవారిగా, పేద వలస కూలీలుగా చిన్నచూపుకు గురైన సముదాయమే, అధికారం చేతికి రాగానే తనకంటే బలహీనులను తరిమింది. ఈ విషయం మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

తరువాత వంతు మనవారిది. 1999 నవంబరు ఎన్నికల్లో కొందరు పోలింగ్ కేంద్రాల వద్ద నిలబడి, శరీర ఛాయను చూసి, అరబ్బు పేర్లను చూసి, ఓటర్ల పౌరసత్వాన్ని ప్రశ్నించారు. అలా ప్రశ్నకు గురైనవారు తాము అమెరికా పౌరులమేనని ప్రమాణం చేస్తే తప్ప ఓటు వేయనివ్వలేదు. మిగిలినవారినెవరినీ ఆ ప్రమాణం అడగలేదు. అమెరికా న్యాయశాఖ జోక్యం చేసుకుని 2000లో నగర యంత్రాంగం చేత ఒప్పందం చేయించింది. ఎన్నికల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, అరబ్బు, బెంగాలీ సముదాయాలవారిని కూడా ఎన్నికల విధుల్లో నియమించాలని ఆ ఒప్పందం నిర్దేశించింది. ఓటు హక్కు కాగితం మీద ఉంటే చాలదు, పోలింగ్ కేంద్రం గడప వద్ద కూడా అది నిలబడాలి. మన ఊళ్లలో ఓటర్ల జాబితాలు తిరగేసే కార్యకర్తలకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

2004లో బంగ్లాదేశీయుల అల్ ఇస్లాహ్ మస్జిద్ లౌడ్‌స్పీకరులో అజాన్ ఇచ్చేందుకు అనుమతి కోరింది. కౌన్సిల్ శబ్ద నియంత్రణ నిబంధనను సవరించి వేళలకు పరిమితి పెట్టి అంగీకరించింది. వ్యతిరేకులు పట్టుబట్టగా జూలైలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆనాడు ముస్లిములు అక్కడ అల్పసంఖ్యాకులే. అయినా అజాన్ గెలిచింది. చర్చి గంటకు ఉన్న స్వేచ్ఛ అజాన్‌కూ ఉండాలని నమ్మిన ముస్లిమేతరుల ఓట్లు లేకుండా అది సాధ్యమయ్యేది కాదు.

2015 ఎన్నికలతో కౌన్సిల్‌లో ముస్లిములు ఆధిక్యంలోకి వచ్చారు. 2023 జూన్‌లో ప్రభుత్వ స్థలాల్లో ఎగరదగిన జెండాలను పరిమితం చేస్తూ కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. దానివల్ల స్వలింగ సంపర్కుల ఉద్యమ జెండాకు చోటు లేకుండా పోయింది. ఒకప్పుడు వలస ముస్లిములకు అండగా నిలిచినవారిలో కొందరు దీనిని ద్రోహంగా భావించి బాహాటంగానే వాపోయారు. ఈ విషయంలో మన నైతిక విశ్వాసం ఏమిటో అందరికీ తెలిసినదే. దానిని దాచుకోనవసరం లేదు, వదులుకోనవసరమూ లేదు. ప్రభుత్వ స్తంభం మీద ఏ వర్గం జెండా ఉండకూడదనడం నిష్పాక్షికతే కావచ్చు. అయితే ఆ నిబంధన అందరికీ సమానంగా వర్తిస్తున్నదా, మనకు నచ్చని పొరుగువాని ఇంటికి, ఉద్యోగానికి, ప్రాణానికి పూర్తి రక్షణ ఉన్నదా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది పాలకుడే. ఆ పాలకుడు ముస్లిమైతే ఆ బాధ్యత ఇంకా పెరుగుతుంది.

ఎందుకంటే అధికసంఖ్య అనేది పటం మీద గీసిన గీతను బట్టి ఉంటుంది. హామ్‌ట్రామిక్ హద్దుల లోపల అధికసంఖ్యాకులుగా చెప్పబడే ముస్లిములు, వీధి దాటి డెట్రాయిట్‌లో అడుగుపెడితే అల్పసంఖ్యాకులు. దేశం మొత్తంలో నూటికి ఒకరో ఇద్దరో. పైగా అమెరికా జనగణనలో మతం అడగరు. అరబ్బులను ఇంతకాలం 'తెల్లవారి' లెక్కలోనే కలిపారు. మధ్యప్రాచ్య, ఉత్తరాఫ్రికా మూలాలవారికి ప్రత్యేక వర్గం ఉండాలని నిర్ణయమైనది 2024 మార్చిలోనే.

మన పరిస్థితి దీనికి దూరమైనదేమీ కాదు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో మనం 14.2 శాతం, హైదరాబాదు జిల్లాలో 43 శాతానికి పైగా. ఆ జిల్లాలోనే కొన్ని పేటల్లో మనమే అధికులం, మరికొన్ని పేటల్లో అద్దెకు ఇల్లు దొరకడమే కష్టం. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకుని నిర్ణయించాలని 2002లో సుప్రీంకోర్టు టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది. అంటే చట్టం దృష్టిలోనూ గీత మారితే హోదా మారుతుంది.

అందుకే లెక్కల కోసం మనం పట్టుబట్టాలి. జనగణనలో ప్రతి కుటుంబమూ నమోదు కావాలి, ఓటరు జాబితాలో ప్రతి పేరూ ఉండాలి, వార్డుల విభజన ముసాయిదా వచ్చినప్పుడు హద్దులను చదివి గడువులోగా అభ్యంతరం తెలపాలి. వాటితోపాటు మరొక పనీ ఉంది. మనం అధికంగా ఉన్న పేటలో ఉండే నాలుగు హిందూ కుటుంబాలు, రెండు క్రైస్తవ కుటుంబాలు తమ పండుగను ఏ జంకూ లేకుండా జరుపుకోగలుగుతున్నాయా అని మనల్ని మనం అడగాలి. మరొక పేటలో మనం కోరుకునేది కూడా సరిగ్గా అదే కదా.