చేపపిల్లకును పుట్టిల్లు గలదు

మన సంఘసభ్యులలో వరివిత్తనము కొనునపుడు దాని పుట్టుక నడుగనివా రొక్కరును లేరు. ఏ పొలమున పండినది, ఏ కారున కోసినది, ఎన్ని నెలలకు చేతికి వచ్చును, మన నేలకు తగునా యని పదిమార్లు విచారించిన గాని మూటకు వెల చెల్లింపరు. మొలగొలుకుల వరికి నెల్లూరు సీమలో పేరు నిలిచినదనిన, తరతరముల రైతులు ఈ నేలకును ఈ నీటికిని తగిన కంకుల నేరి విత్తనమునకు దాచుటవలననే గదా! అట్టి రైతులే చేపపిల్లలను కొనునపుడు మాత్రము వేయింటికి వెల యెంత, పొడవెన్ని అంగుళములు, దారిలో చావక బ్రతుకునా యని మాత్ర మడిగి యూరకుందురు. ‘ఈ పిల్లల తల్లి ఏ తీరమునందలిది?’ అని యడిగినవానిని జూచి నవ్వుదురు. ఈ ప్రశ్న నవ్వులాటది కాదనియు, మన సంఘము దీనిని కొనుగోలు నిబంధనలలో చేర్చుకొనవలయుననియు నా యభిప్రాయము.

సముద్రము మనకు దూరము, సంగము రైతులకు కడలిచేపల గొడవ యేల యని కొందఱనవచ్చును. అట్లనువారు పండుగప్పను తలచుకొందురు గాక. ఆ చేప నదీముఖమున ఉప్పునీట పుట్టును. పిల్లతనమున ఉప్పుటేఱులలోనికిని నదులలోనికిని ఎక్కివచ్చి తీపినీట పెరుగును. గ్రుడ్లు పెట్టుటకై మరల సముద్రపు ఒడ్డునకు దిగును. తీపినీటి గుంటలలో పెంచినను పెరుగును, వెల మంచిది, కావున దాని పిల్లలు నేడు లోనాటి రైతులకును అమ్మకమునకు వచ్చుచున్నవి. మన గుంటనుండి తప్పించుకొనిన చేప కాలువను బడి పెన్నను చేరును. పెన్న నెల్లూరు మీదుగా పోయి ఊటుకూరు వద్ద సముద్రమున గలియును. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన సంగము బారేజి నీటిని నిలుపును గాని, వరదనాడు తలుపు లెత్తిన పిమ్మట క్రిందికి పోవు చేప నాపదు. కాబట్టి కడలికిని మనకును నడుమ నున్నది ఒక్క వరద మాత్రమే.

ఇక విషయమునకు వత్తము. పారశీక సింధుశాఖ మొదలు ఆస్ట్రేలియా వఱకు గల తీరములలో దొరకు పండుగప్ప యంతయు ఒక్కటే జాతి యని చిరకాలము శాస్త్రజ్ఞులు తలచిరి. పేరొక్కటి, రూపు దాదాపు ఒక్కటి, రుచియు నొక్కటి, భేద మేమున్నదనుకొనిరి. ఇటీవల ఆ మాట మారినది. 2012లో శ్రీలంక పడమటి తీరపు చేప నొకదానిని, మయన్మారు చేప నొకదానిని పరిశీలించి, ఇవి వేఱు జాతులని నిర్ణయించి లేటెస్ లక్‌దివ, లేటెస్ ఉవిసర యని పేళ్లు పెట్టిరి. 2016లో పండుగప్ప జన్యువుల పూర్తిపట్టిక ప్రకటింపబడినపుడు, వేర్వేఱు దేశముల చేపలను పోల్చి చూడగా, మన భారత ఉపఖండపు చేపలొక గుంపు, ఆగ్నేయాసియా చేపలొక గుంపు, ఆస్ట్రేలియా న్యూగినీల చేపలొక గుంపుగా మూడు తెగలు స్పష్టముగా విడివడి కనబడినవి.

జన్యువనగా నేమి? ప్రాణి శరీరములోని ప్రతి కణమునను తలిదండ్రులనుండి సంక్రమించిన లక్షణముల చిట్టా యొకటి గలదు. మన సంఘపు ఖాతాపుస్తకమును నకలు వ్రాయునపుడు అక్కడక్కడ ఒక యంకె మారునట్లే, తరము మారినప్పుడెల్ల ఆ చిట్టాలోను చిన్న మార్పులు జరుగుచుండును. రెండు గుంపులు కలసి సంతానము కనుచున్నంతకాలము ఆ మార్పులు ఇరువైపుల పంచుకొనబడును. నడుమ అడ్డు వచ్చి రాకపోకలు నిలిచినచో, ఇచటి మార్పు లిచటనే, అచటి మార్పు లచటనే పేరుకొని, వేల సంవత్సరములకు రెండును వేఱగును.

ఈ పద్ధతి మన రైతుల కెఱుకలేనిది కాదు. మన ఒంగోలు పశువులు పందొమ్మిదవ శతాబ్దమునను, పిదపను ఓడలెక్కి బ్రెజిలు దేశమునకు పోయినవి. అచటి వారు నెల్లూరు పేరుతోనే వానిని ‘నెలోర్’ అని పిలిచి, మాంసముకొఱకు ఏరి ఏరి పెంచిరి. నేడు ఆ పశువును మన దొడ్డిలో కట్టిన చూపునకు చుట్టమే. కాని మన కాడికి, మన మేతకు, మన యెండకు తగునది మన యెద్దే. మనుష్యుడు వందేండ్లలో చేసిన పనిని సముద్రము వేలయేండ్లలో చేసినది.

సముద్రములో అడ్డుగోడ లెక్కడివని యడుగవచ్చును. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, భూమియందలి నీరు మంచుగా గట్టిపడి యున్నకాలమున, సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువ నుండెను. నాడు మలయా, సుమత్రా, జావా లొకే నేలగా కలసి హిందూ మహాసముద్రమునకును పసిఫికు మహాసముద్రమునకును నడుమ గోడవలె నిలిచినవి. సింహళము మన దేశముతో అంటుకొనియుండెను. ఇట్టి గడ్డుకాలములు పలుమార్లు వచ్చి పోయినవి. నీరు మరల పెరిగి గోడలు మునిగినను, విడిపోయిన చేపల జన్యువులలో ఆ గోడల గుర్తులు చెరగలేదు.

నేటికిని కంటికి కానరాని గట్లు గలవు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణల నీరు వచ్చి పడుటచే బంగాళాఖాతపు ఉత్తరభాగమున పైనీటికి ఉప్పు తక్కువ. అరేబియా సముద్రమున ఉప్పెక్కువ. మన తీరపు ప్రవాహము మాఘము మొదలు చైత్రము వఱకు ఉత్తరమునకును, ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు దక్షిణమునకును మారి పారుచుండును. గుంపులుగా తిరుగుచు నడిసముద్రమున గ్రుడ్లు విడుచు చేపల పిల్లలు ఈ ప్రవాహములపై దూరము కొట్టుకొనిపోవును గాన వానియందు తీరమునకు తీరమునకు భేదము తక్కువ. ఉప్పుటేఱులను, నదీముఖములను నమ్ముకొని బ్రదుకు చేపలకు ఆ కలయిక తక్కువ. కావున భేదము హెచ్చు. పండుగప్ప యీ రెండవ తెగలోనిది.

దీనివలన మనకు వచ్చు నష్టమేమి? దూరదేశపు తల్లికి పుట్టిన పిల్ల గుంటలో పెరిగి సంతకు పోయినంతవఱకు భయములేదు. అది తప్పించుకొని మన తీరపు చేపతో కలసినపుడే చిక్కు. మన చేప చిట్టాలో పెన్న వరదకును, వేసవి యుప్పుదనమునకును, ఇచటి తెగుళ్లకును తగిన లెక్కలు వేలయేండ్లుగా వ్రాయబడి యున్నవి. దానిలో పరాయి లెక్కలు కలసినచో మరల వేఱుచేయుట ఎవరి తరమును కాదు. నార్వే దేశమున పెంపకపు సాల్మను చేపలు వలగూళ్లనుండి తప్పించుకొని నదులలోని చేపలతో కలసినవి. 2016లో ప్రకటించిన పరిశోధనలో, పరీక్షించిన నదుల గుంపులలో దాదాపు సగమందు ఆ సంకరము బయటపడినది. మనకడ 1952లో దిగుమతియైన, జిలేబి చేప యని పిలువబడు తిలాపియా దేశమందలి చెఱువులలో నెట్లు వ్యాపించినదో చెప్పనక్కఱలేదు. 2021 నవంబరులో పెన్న పొంగినపుడు గట్లు తెగి గుంటలు నీట మునుగుట మనము కన్నులార చూచితిమి. ఆ నాడు ఏ చేప ఎచటికి పోయెనో ఎవరు లెక్కగట్టిరి?

మఱియొక సంగతి. పండుగప్ప మొదట మగదిగా నుండి, కొన్ని యేండ్లు పెరిగిన పిమ్మట ఆడుదిగా మారును. ఒక పెద్ద తల్లి లక్షలు కాదు, పదిలక్షలకొలది గ్రుడ్లు పెట్టగలదు. కావున పిల్లల నుత్పత్తిచేయు కేంద్రమున నాలుగైదు తల్లులున్నను వేలమంది రైతులకు పిల్లలు చాలును. వ్యాపారమునకు ఇది లాభమే. కాని అన్నియు నాలుగిండ్ల చుట్టములే యగును. ఒకే రకపు వరి వేసిన పొలములో ఒక్క తెగులు వచ్చిన పంటంతయు పోవునట్లే, ఇట్టి మందకును ఆపద కలుగును. అందుచేత తల్లి యేతీరపుదో యడుగుటతోబాటు తల్లు లెన్నియో యడుగుటయు నవసరము.

‘ఇదంతయు శాస్త్రజ్ఞుల పని, అప్పుల రైతునకు చౌకగా దొరకు పిల్లయే మేలు’ అను వాదము నే నెఱుగనిది కాదు. బయటి తెగ త్వరగా పెరిగిన లాభమేగదా యనుటయు నున్నది. చౌకను నేను కాదనను. కాని పుట్టుక చెప్పలేని సరకు చౌక కాదు, అది లెక్కకు రాని యప్పు. పుట్టుక చెప్పుట అసాధ్యమును గాదు. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు మన కోస్తా రొయ్యల గుంటలను ఊడ్చిపెట్టిన పిమ్మట రైతులు బుద్ధి తెచ్చుకొనిరి. 2009లో అమెరికా ఖండపు పసిఫికు తీరపు వెనామీ రొయ్యకు అనుమతి యిచ్చినపుడు, తల్లిరొయ్యలు ఎచటినుండి వచ్చినవో కాగితములు చూచి, చెన్నైలోని క్వారంటైను కేంద్రమున నిలిపి పరీక్షించిన పిదపనే వదలు నేర్పాటు జరిగినది. రొయ్యకు సాధ్యమైనది చేపకు సాధ్యము కాదా? చెన్నైలోని కేంద్రీయ ఉప్పుటేటి జలజీవుల పెంపక పరిశోధన సంస్థవారు 1997లోనే పండుగప్పను బంధనములో గ్రుడ్లు పెట్టించిరి. అనగా మన తీరముననే ఆ విద్య యున్నది. మనము కోరినచో మన తీరపు తల్లుల పిల్లలనే పెంచి యిచ్చుట కడ్డులేదు. అమ్మువాడు కొనువాడు కోరినదే తెచ్చును.

కాబట్టి రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది విషయములు తీర్మానింపవలయునని కోరుచున్నాను. సంఘము ద్వారా కొను చేపపిల్లల రసీదుపై తల్లిచేపల తీరమును, వాని సంఖ్యను అమ్మకందారుచే వ్రాయించుకొనవలయును. ఆ వివరములకు సంఘమున ఒక రిజిస్టరు ఉండవలయును. తూర్పుతీరపు తల్లుల పిల్లలకే మొదటి స్థానమీయవలయును. గుంటల తూములకు సన్నకన్ను వలలు కట్టి, వరదకు ముందే గట్లు ఎత్తుచేయవలయును. పుట్టుక తెలియని పిల్లలను పుణ్యమునకైనను పెన్నలోగాని చెఱువులలోగాని విడువరాదు. వీనిలో ధనవ్యయము గలది వలయు గట్టును మాత్రమే. తక్కినవన్నియు నోరు తెఱచి అడుగుటతో సరిపోవును.

మన తాతలు వరిగింజను, ఆబోతును ఏరి ఏరి కాపాడి మనకిచ్చిరి. పెన్న చేపను మన మేరలేదు, పెంచలేదు. సముద్రమును నదియు కలసి తీర్చి యిచ్చినవి. దానిని చెడగొట్టకుండుట మాత్రమే మన వంతు. వచ్చు కారులో చేపపిల్లల లారీ మన ఊరు చేరినపుడు, వెల యడుగుటకు ముందు పుట్టిల్లు అడుగు రైతు ఒక్కడున్నను, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.