గేదె ఫైలు, మనిషి ఫైలు

వ్యాధి నిర్ధారణ అనగానే మన సైన్సు విద్యార్థుల కళ్ళముందు పెద్ద పెద్ద యంత్రాలు మెదులుతాయి. యంత్రాలు కావలసిందే, కాదనను. కాని అంతకన్నా ముందు మనకు కొరతగా ఉన్నది మనుషుల మధ్య మాట. పశువుల డాక్టరుకు తెలిసిన సంగతి మనుషుల డాక్టరుకు తెలియదు. ఇద్దరికీ తెలిసినది మన మైక్రోబయాలజీ లాబొరేటరీ దాకా రాదు. ఈ ముగ్గురినీ కలిపే ఏర్పాటు లేనంతకాలం ఎంత ఖరీదైన పరికరం కొన్నా అది సగం పనే చేస్తుందని నా అభిప్రాయం.

ఇది గాలిలో మాట కాదని చెప్పడానికి ఒక్క జబ్బు చాలు. బ్రూసెల్లోసిస్. మనవైపు ఈసుడు రోగమంటారు. చూడి గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది. పాలు పొంగించి తాగే అలవాటు ఉండబట్టి మన ఇళ్ళలో పాలవల్ల భయం తక్కువే. ముప్పు ఎక్కువగా ఆ దూడనూ, మాయనూ ఒట్టి చేతులతో తీసేవాళ్ళకు.

దీని చరిత్ర చూడండి. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే బ్రిటిషు సైనిక వైద్యుడు, జ్వరంతో చనిపోయిన సైనికుల శరీరంలోంచి ఈ సూక్ష్మజీవిని వేరుచేశాడు. అది ఎక్కడినుంచి వస్తున్నదో తెలియడానికి ఇంకా 18 ఏళ్ళు పట్టింది. 1905లో జమ్మిట్ అనే మాల్టా డాక్టరు, పైకి నిక్షేపంగా కనిపిస్తున్న మేకల నెత్తురు పరీక్షించి గుట్టు విప్పాడు. మరుసటి ఏడు సైన్యానికి మేకపాలు ఆపేశారు, జ్వరాలు పడిపోయాయి. ఇంతకన్నా విచిత్రం ఇంకొకటున్నది. ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన సూక్ష్మజీవిని డెన్మార్కులో పశువైద్యుడు బాంగ్ 1897లోనే పట్టుకున్నాడు. అదీ, మాల్టా జ్వరానిదీ దాయాదులేనని అమెరికాలో ఆలిస్ ఈవాన్స్ ప్రకటించింది 1918లో. ఇరవయ్యొక్క సంవత్సరాలు! చెప్పినా చాలామంది నమ్మలేదు (ఆవిడకు డాక్టరేటు లేదు, పైగా ఆడమనిషి). పశువుల పుస్తకాలు ఒక అలమరలో, మనుషుల పుస్తకాలు ఇంకొక అలమరలో ఉంటే జరిగేది ఇదే.

ఆ అలమరలు ఇవాళ్టికీ వేరుగానే ఉన్నాయి. మా మేనమామగారికి రెండు నెలలపాటు సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్ళంతా చెమటలు, నడుము నొప్పి. ఒక ఆస్పత్రిలో టైఫాయిడ్ అన్నారు, ఇంకొకచోట క్షయేమోనన్నారు. "ఇంట్లో పశువులున్నాయా?" అని ఒక్కరూ అడగలేదు. ఆ ఏడే ఆయన కొట్టంలో రెండు గేదెలు ఈసుకుపోయిన సంగతి పశువుల ఆస్పత్రి రిజిస్టరులో రాసి ఉన్నది. చివరకు అక్కడి కాంపౌండరే, "ఏం బాబాయ్, ఆ గేదెల జబ్బు నీకేమన్నా అంటిందేమో, ఓసారి రక్తం చూపించుకోరాదూ?" అన్నాడట. పరీక్షలో అదే తేలింది. ఆరు వారాలు మందులు మింగి కోలుకున్నారు గాని, కౌలు చేను మాత్రం ఆ పంటకు బీడు పడింది.

నాకు బాధ కలిగించేది ఆ పరీక్ష ఎంత సులువో తెలియడం. రోజ్ బెంగాల్ అంటారు. ఒక చుక్క సీరం, ఒక చుక్క గులాబి రంగు యాంటిజెన్ కలిపి నాలుగు నిమిషాలు ఊపితే, గడ్డలు కట్టిందో లేదో కంటికే కనబడుతుంది. గేదెకూ అదే, మనిషికీ అదే! మన ఎమ్మెస్సీ విద్యార్థి ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకోగలడు. ఫలితాన్ని మరొక పరీక్షతో ఖాయం చేసుకోవాలనుకోండి. సూక్ష్మజీవిని పెంచే పని మాత్రం మనబోటివాళ్ళు ముట్టుకోరాదు, తగిన రక్షణ ఉన్న చోటికే పంపాలి. అందుకే ఎవరికి వారు కాక, ఒక వరుస కావాలంటున్నాను.

2019 నుంచి కేంద్ర ప్రభుత్వం పెయ్యదూడలకు ఈ రోగానికి టీకా వేయిస్తున్నది. పశువు చెవికి 12 అంకెల ట్యాగు ఉన్నది. దాని యజమాని జ్వరంతో పడుకుంటే ఆ అంకె అడిగేవాడు లేడు. కలిసి పనిచేస్తే ఏమవుతుందో హైదరాబాదులోనే చూశాం. 2021 మే నెలలో జూపార్కులోని 8 సింహాలకు కరోనా సోకిందని తేల్చినది సి.సి.ఎం.బి. వారు. సింహానికి దక్కిన మర్యాద పాడిరైతుకు దక్కకూడదా?

ఒక చిక్కున్నది. గేదెకు జబ్బని తేలితే పాలు ఎవరు పోయించుకుంటారు? ఆ భయంతో రైతు దాచిపెడతాడు, లేదా సంతకు తోలి ఇంకొకరికి అంటగడతాడు. నేనాయన్ని తప్పుపట్టను. ఫలితం ఊరంతా చాటకుండా ఉండాలి, పశువును విడదీసి కట్టేసినన్నాళ్ళూ నష్టం ప్రభుత్వం భరించాలి. ఈ రెండూ లేకుండా ఏ ఏర్పాటు చేసినా నిజం చెప్పిన రైతే దెబ్బతింటాడు.

మన యూనియన్ చేయగలిగింది చిన్నదే. ఒక్క మండలం ఎంచుకుందాం. అక్కడి ప్రైమరీ హెల్త్ సెంటరు చీటీ మీద "పశువులున్నాయా, ఈ ఏడు ఏవైనా ఈసుకుపోయాయా?" అన్న ఒక్క వరుస అచ్చు వేయించమని అడుగుదాం. పశువుల ఆస్పత్రి నుంచి వారానికొకసారి అక్కడికి ఫోను వెళ్ళాలి. సీరం పరీక్షలు లెక్చరర్ల అజమాయిషీలో మన లాబొరేటరీలో చేద్దాం. లాబ్ టెక్నీషియన్లుగా పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు తమ మండలం పేరు మైక్రోబయాలజీ శాఖకు రాసి పంపితే, ఎక్కడ మొదలుపెట్టాలో ఈ సెలవుల్లోనే తేల్చుకోవచ్చు.