కోరంగి యతిథులు

శీతకాలమున కోనసీమవాసులు ఎదుర్లంక వంతెన దాటి, యానాము మీదుగా కోరంగి అభయారణ్యమును చూడబోవుచుందురు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే తాము చూచుచున్నదేమియో వారెరుగుట యవసరము.

కోరంగి యొకప్పుడు పేరుగన్న రేవు. 1839వ సంవత్సరపు తుపానులో ఉప్పెన దానిని రూపుమాపినది. ఆ రేవు పేరనే బర్మాకు వలసపోయిన తెలుగువారు అచ్చట 'కోరంగీలు' అనబడిరి. మనవారు పొట్టకూటికై కడలి దాటిన తావునకే నేడు ఉత్తరాసియా శీతలభూములనుండి పక్షులు పొట్టకూటికై వచ్చుచున్నవి. 1978లో ఇచ్చటి మడ యడవులు సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినవి.

పోటు తీసి బురదమేటలు బయలుపడిన కొలది గంటలే ఆ పక్షులకు భోజనవేళ. పురుగులను, చిన్న నత్తలను తిని అవి కూడబెట్టుకొను క్రొవ్వే తిరుగు ప్రయాణమునకు దారిబత్తెము. పడవను మేటకడకు తోలి, కేకలువేసి గుంపును లేపినవాడు వినోదించితిననుకొనును గాని, నిజమునకు అతిథి ముందరి విస్తరిని లాగివేసినవాడగుచున్నాడు.

ఇది పక్షుల మాట మాత్రమే కాదు. పక్షులకు నీడనిచ్చు మడలే అలల యుద్ధృతిని తగ్గించి తీరమును కాపాడును. కాట్రేనికోన, ఐ. పోలవరము మండలముల తీరమునందును ఇట్టి మడలు కలవు. 1996 నవంబరు 6వ తేదీ తుపానునకు కూలిన కొబ్బరితోటలను కోనసీమ రైతు మరువలేదు. మడలు గాలి నాపలేవు. ఉప్పెన పోటును మాత్రము తగ్గింపగలవు.

రొయ్యల చెరువులు ధనము తెచ్చుచున్నవని రైతులందురు. నిజమే, చౌడుబారిన పొలమున వరి పండదు. కాని మడలను కొట్టి చెరువు త్రవ్వుట, మురుగునీటిని శుద్ధిచేయక కాలువలోనికి వదలుట, తన గట్టును తానే తెంచుకొనుట వంటిది. తీరమున విచ్చలవిడి రొయ్యల సాగును 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తప్పుపట్టినది. దాని నియంత్రణకు 2005లో చట్టమును వచ్చినది. చట్టమున్నను దానిని పాటించు బుద్ధి భూస్వాములకు కలుగనిచో ఫలమేమి?

కావున యాత్రికులు దూరమునుండి చూచి, నిశ్శబ్దముగా మరలివత్తురుగాక. పడవలకు హద్దులు నిర్ణయించి, మడలనెరిగిన మత్స్యకారులకే దారిచూపు పనిని ప్రభుత్వము వారు అప్పగింపవలెను. రైతులు మిగిలిన మడలను ముట్టకుండ విడువవలెను. అతిథిని ఆదరించుట మన ధర్మము; ఈ యతిథి విడిదిని కాపాడుట మన క్షేమము కూడ.