దేనిలో సగం?

తెలుగులో ఒక ధార్మిక వెబ్‌సైటు నెలకొల్పదలచిన కొందరు యువకులు తమ వ్యాసాలను మాకు చూపారు. ఉత్సాహం మెచ్చదగినదే. రమజాన్‌లోపు నూరు వ్యాసాలు పెట్టాలన్న తొందర మాత్రం మాకు నచ్చలేదు.

వారసత్వంపై వ్యాసంలో ‘కూతురికి సగం’ అని ఉంది. దేనిలో సగం? అప్పులు, వసియ్యతు పోగా మిగిలిన ఆస్తిలో, కొడుకులు లేక కూతురు ఒక్కతే ఉంటే సగం ఆమెది. కొడుకులూ ఉంటే, ఒక కొడుకుకు వచ్చే వాటాలో సగం ఆమెకు వస్తుంది. కొడుకులు లేక ఇద్దరు, అంతకు మించి కూతుళ్ళుంటే మూడింట రెండు వంతులు వారందరిదీ. వ్రాసినవారికి ఈ భేదం తెలుసు. ఫోనులో ఆ ఒక్క వాక్యం చూసే అన్నకూ చెల్లెలికీ తెలియదు. ఆ కలహం ఎన్నేళ్ళు సాగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత ఎవరి వ్రాతకు వారే ఆమోదం తెలుపరాదు. యమామా యుద్ధంలో అనేకమంది ఖుర్ఆన్ కంఠస్థులు అమరులైన పిమ్మట, హజ్రత్ అబూబక్ర్ (రజి) సంకలన బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. ఆయన దైవప్రవక్త (సఅసం) సన్నిధిలో వహీ వ్రాసినవారు. అయినా తన జ్ఞాపకంతో సరిపెట్టుకోక, వ్రాతప్రతులతోనూ ఇతరుల కంఠస్థంతోనూ సరిచూశారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించినప్పుడు ఆయనకు మరి ముగ్గురిని తోడిచ్చారు.

ప్రతి వ్యాసమూ ముగ్గురి చేతుల మీదుగా వెళ్ళాలని మేము సూచించాము. మొదటివారు ఆయతు సంఖ్యను, హదీసు గ్రంథాన్ని, హదీసు స్థాయిని మూలంలో తెరచి చూడాలి. మరో వెబ్‌సైటులో ఉండడం ఆధారం కాదు. విద్య కోసం చైనాకైనా వెళ్ళమన్న మాట ఎన్ని గోడలపై కనిపించినా, ఇబ్నుల్ జౌజీ దానిని కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. రెండవవారు ఫిఖ్హ్ నేర్చిన ఆలిమ్. మూడవవారు అరబీ, ఉర్దూ రాని గృహిణి అయితే మరీ మేలు. ‘దేనిలో సగం?’ అని అడిగేది ఆమెయే.

పత్రికను చదివి పక్కన పెడతాము. వెబ్ పుట అయిదేళ్ళ తరువాత వెదికినా ఎదురవుతుంది. జకాత్ నిసాబుకు మన ఉలమా చెప్పే 612.36 గ్రాముల వెండి తూకం మారదు. దాని రూపాయల విలువ మారుతూనే ఉంటుంది. కనుక ఆ పుటను ఏటా షాబాన్‌లో తిరిగి చూసి, చూసిన తేదీ వేయాలి. తప్పు దిద్దితే ఏది దిద్దారో అక్కడే వ్రాయాలి. మౌనంగా మార్చివేస్తే, పాత మాటను నమ్మి లెక్క కట్టినవారికి ఎలా తెలుస్తుంది?

ఇక తలాఖ్ ప్రశ్నలు. భర్త పలికిన మాట ఏమిటో, ఏ స్థితిలో పలికాడో విచారించకుండా చెప్పగల జవాబు లేదు. ఒక ఇంటికి చెప్పినదానిని వేరొక ఇంటివారు తమకు అన్వయించుకొంటారు. ఇటువంటివాటిని ఎంత పరిశీలించినా పుటకెక్కించరాదు. అడిగినవారిని దగ్గరలోని ముఫ్తీ వద్దకు పంపమన్నాము.