సైకిలూ, ఒంటికాలి ఆసనమూ



ఈ నెల మీకొక తప్పు సంగతి చెబుతాను. తప్పు చేసింది మీలో ఎవరో కాదు, నేనే. ముప్ఫైనాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, అందులో పదేళ్ళు హెడ్మాస్టరు కుర్చీలో కూచున్నవాణ్ణి, రిటైరయిన తరవాత ఒక ఏడో తరగతి కుర్రవాడి దగ్గర పాఠం నేర్చుకోవలసి వచ్చింది.

ఉద్యోగం అయిపోగానే నేను మా ఊరు వదిలి హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరకు వచ్చేశాను. మేముండేది చిక్కడపల్లిలో. వచ్చిన కొత్తలో నాకేమీ తోచేది కాదు. గంట కొట్టే బంట్రోతు లేడు, ప్రార్థనకు బారులు తీరే పిల్లలు లేరు. చిన్నప్పటినుంచీ నాకు యోగాసనాల అలవాటు ఉంది గదా అని, దోమలగూడ వైపు ఒక చిన్న పార్కులో తెల్లవారి అయిదున్నరకు నలుగురికి ఆసనాలు నేర్పటం మొదలుపెట్టాను. డబ్బు పుచ్చుకోను. ఒక్క ఆదివారం సెలవు.

నలుగురనుకున్నది ఇరవై మందయ్యారు. ఆటో నడిపే ఆయన వస్తాడు. దర్జీ వస్తాడు. ఇస్త్రీ బండి పెట్టుకున్న ఇల్లాలు, బాంకులో పనిచేసి రిటైరయిన ఒక పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పుల మామ్మగారు, వాళ్ళ వెంట పిల్లలు. ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2014లో తీర్మానించగా, 2015నుంచి జరుపుతున్నారు. ఆ రోజున మా పార్కులో అడుగు పెట్టటానికి చోటుండదు. 22న చూస్తే మళ్ళీ మా ఇరవై మందే! అది వేరే సంగతి.

పార్కుకు నేను సైకిలు మీద వెళతాను. చాప చుట్టి కారియరుకు కట్టుకుంటాను. "నాన్నా, ఈ ఊళ్ళో సైకిలేమిటి? నేను స్కూటరు మీద దింపుతాను గదా!" అన్నాడు మావాడు. "నువ్వు లేచేది ఏడింటికి గదరా," అన్నాను. వాడు మరి మాట్లాడలేదు. ఒక హెల్మెట్టు మాత్రం కొని తెచ్చి నా నెత్తిన పెట్టాడు. అది మంచి పనే.

మా తరగతికి వచ్చే పిల్లల్లో, ఇళ్ళకు పాలపాకెట్లు వేసే ఆయన కొడుకు ఒకడు. బక్కగా ఉంటాడు, మాట తక్కువ. ఒకనాడు అందరిచేతా వృక్షాసనం వేయిస్తున్నాను. వృక్షాసనమంటే తెలుసుగా? ఒక కాలిమీద నిలబడి, రెండో కాలు మడిచి దాని అరికాలు మొదటి కాలి తొడకు లోపలి వైపు ఆనించి, చేతులు పైకెత్తి జోడించాలి. చూడటానికి సులువు. మావాడు నిలబడ్డాడు గాని, అటూ ఇటూ ఊగుతున్నాడు. చీలమండ అదురుతున్నది. సర్దుకుంటాడు, మళ్ళీ ఊగుతాడు. నాలో పాత హెడ్మాస్టరు లేచాడు.

"కదలకురా! నిలకడ లేని మనిషివి! చదువులో కూడా ఇంతేనా?" అన్నాను.

అందరూ నవ్వారు. వాడు కాలు దించేశాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగు రోజులు చూశాను. వాడు నిలబడే చోట చాప వెయ్యకుండా అందరూ ఖాళీ వదిలేసేవారు. ఆ ఖాళీ చూస్తే నాకు ఏమిటో అయ్యేది.

ఆదివారం వచ్చింది. సెలవునాడు తెల్లవారుతూనే నేను సైకిలు మీద టాంక్‌బండ్ చుట్టి వస్తాను. అంత పెద్ద నగరం ఆ వేళ ఎంత చక్కగా ఉంటుందో మీకు చెప్పలేను. సికింద్రాబాదు వైపు వెళుతుంటే ఎడమచేతి పక్క హుసేన్‌సాగరం. అది 1562లో తవ్వించిన చెరువు. మధ్యలో రాతిమీద బుద్ధుడు. కట్ట పొడవునా మన నన్నయ, తిక్కన, మొల్ల, వేమన, గురజాడ విగ్రహాలు. కారులో పోయేవాడికి ఇవన్నీ గిర్రున వెనక్కి పోతాయి. సైకిలు మీద పోయేవాడు కావాలంటే మొల్లకు ఒక నమస్కారం పెట్టుకోవచ్చు. నీటిమీదనుంచి వచ్చే గాలి ముఖానికి తగులుతుంది. ఒక్కొక్క చోట ఆ గాలికి కంపు కూడా ఉంటుంది, అబద్ధమెందుకు! తిరిగి వచ్చేటప్పుడు ఇరానీ హోటలు ముందు చాయ్ మరుగుతున్న వాసన, పూలబుట్టల వాసన, అప్పుడే తడిపిన వాకిళ్ళ వాసన. ఏ సందు ఎక్కడ ఎత్తుగా ఉంటుందో, ఎక్కడ పల్లమో, సైకిలు తొక్కేవాడి కాళ్ళకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

అయితే ఆ వారమంతా నాకు సైకిలు ఎందుకో బరువుగా ఉంది. చక్రాలు బాగానే తిరుగుతున్నాయి. కాని తిన్నగా పోవటం కష్టంగా ఉంది. వయసు మీదపడింది కాబోలనుకున్నాను. చిక్కడపల్లిలో మా వీధి మలుపు దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. వేగం తగ్గించాను. అంతే! సైకిలు ఎడమవైపు ఒరిగింది, నేను దానితోపాటు నేల మీదికి వచ్చాను. మోచెయ్యి చీరుకుపోయింది. హెల్మెట్టు ఉండబట్టి తలకేమీ కాలేదు.

ఎవరో వచ్చి నా భుజం పట్టుకుని లేపారు. చూద్దునుగదా, మా కుర్రవాడే! వాడి తండ్రి సైకిలు పక్కన స్టాండు వేసి ఉంది. హేండిలుకు ఒక్క వైపే పాల సంచీ వేలాడుతున్నది. అంత బరువు ఒక పక్క పెట్టుకుని ఈ బక్కవాడు సందుల్లో మెల్లగా తొక్కుకుంటూ పోతున్నాడన్నమాట.

"దెబ్బ తాకిందా సార్?" అన్నాడు. తరవాత నా సైకిలు లేపి, ముందు చక్రం రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని, హేండిలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "హేండిలు పట్టేసింది సార్. వానకు తుప్పు పట్టిందేమో. అటూ ఇటూ మెదలాలె గదా! మెదలకపోతే బండి ఎట్ల నిలవడ్తది?"

ఎంత మాట! నాలుగు రోజుల క్రితం ఈ నోటితోనే నేను వాణ్ణి కదలవద్దని తిట్టాను. 'మెదలకపోతే ఎట్లా నిలబడుతుంది' అని వాడు ఇవాళ నన్ను అడుగుతున్నాడు. వాడు నన్ను దెప్పటానికి అనలేదు. సైకిలు సంగతి చెప్పాడంతే.

"ఆరోజు నేనన్న మాట తప్పురా నాన్నా," అన్నాను.

వాడు తల వంచుకుని, "బళ్ళె గూడ అట్లనే అంటరు సార్," అన్నాడు. ఆ మాటకు మోచెయ్యి దెబ్బకంటె ఎక్కువ నొప్పి పుట్టింది.

సైకిలు షాపు ఆయన హేండిలు విప్పి చూపించాడు. లోపలి గోళీలు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కొత్తవి వేసి, గ్రీజు పెట్టి బిగించాడు. సైకిలు మళ్ళీ హంసలాగా పోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీరెప్పుడయినా చీపురుకట్టను అరచేతిలో నిటారుగా నిలబెట్టారా? అది ఎడమకు వాలితే మీ చెయ్యి కూడా ఎడమకే జరుపుతారు. కుడికి వాలితే కుడికి. చెయ్యి కదలకుండా పెట్టి చూడండి, చీపురు క్షణంలో కింద పడుతుంది. సైకిలు కూడా అంతే. అది ఎడమకు ఒరిగితే మీకు తెలియకుండానే మీ చేతులు హేండిలును కొంచెం ఎడమకు తిప్పుతాయి. చక్రాలు ఎడమకు జరిగి, ఒరిగే బరువు కిందికి వచ్చి నిలబడతాయి. తరవాత కుడికి. పోయినంతసేపూ ఇదే పని. హేండిలు కదలకుండా బిగించేస్తే ఎంత ఆరితేరినవాడైనా సైకిలు మీద నిలవలేడు. 1817లో జర్మనీలో డ్రాయిస్ అనే ఆయన చేసిన మొదటి రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. అయినా దానికి ముందు చక్రం తిరిగే ఏర్పాటు ఉంది! పెడళ్ళు లేకపోయినా గడుస్తుంది గాని, తిరిగే ముందు చక్రం లేకపోతే గడవదు.

ఇక్కడ ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. సైకిలు ఎందుకు పడదని పిల్లలు అడిగితే, "బొంగరం తిరుగుతూంటే నిలబడుతుంది గదా, చక్రాలూ అంతే," అని నేను ఏళ్ళ తరబడి చెప్పాను. అందులో కొంత నిజముంది గాని, అదే మొత్తం కాదు. 2011లో హాలండు, అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు ఒక చిన్న బండి చేసి చూపారు. దాని చక్రాలకు ఎదురుగా తిరిగే చక్రాలు అమర్చి, ఆ బొంగరపు గుణం లేకుండా చేశారు. అయినా తోసి వదిలితే అది మనిషి లేకుండానే నిలబడి పోయింది. ఎందుకంటే, ఒరిగిన వైపుకే దాని ముందు భాగం తనంతట తాను తిరిగేటట్టు బరువులు అమర్చారు. నా పాత విద్యార్థులెవరయినా ఇది చదివితే, వెనకటి నోట్సులో దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను!

మరి ఒంటికాలిమీద నిలబడ్డ మనిషి సంగతి? మనకు హేండిలు లేదు, చీలమండ ఉంది. శరీరం ఏ పక్కకు వాలుతున్నదో మెదడుకు చెప్పే వార్తాహరులు ముగ్గురు. ఒకటి కళ్ళు. రెండోది చెవి లోపల ఉండే అర్ధవృత్తాకార కుల్యలు. ఇవి ఒక్కొక్క చెవిలో మూడేసి ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది, తల తిరిగితే ఆ ద్రవం కదలికను బట్టి మెదడుకు తెలుస్తుంది. మూడోది అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు. ఈ ముగ్గురూ చెప్పే కబుర్లు విని, మెదడు చీలమండ దగ్గరి కండరాలను అటు లాగు, ఇటు లాగు అని ఆజ్ఞాపిస్తూనే ఉంటుంది. మావాడి చీలమండ అదిరిందంటే నిలకడ లేక కాదు, ఆ నిలకడను సంపాదించే పని జరుగుతున్నదన్నమాట.

మీరే చూడండి. అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని, గోడకు చెయ్యెడు దూరంలో, చెప్పులు లేకుండా ఒంటికాలిమీద నిలబడండి. ఎదురుగా దూరాన ఒక వస్తువు మీద చూపు నిలపండి. ఎంతసేపు నిలబడ్డారో వాళ్ళను లెక్కపెట్టమనండి. తరవాత కళ్ళు మూసుకుని అదే చెయ్యండి. ముగ్గురు వార్తాహరుల్లో ఒకడు సెలవు పెడితే ఏమవుతుందో తెలిసిపోతుంది! మడిచిన పాదాన్ని రెండో మోకాలికి ఆనించకూడదు సుమా, పైన తొడకయినా, కింద పిక్కకయినా ఆనించాలి. ఊపిరి బిగపట్టవద్దు.

మంగళవారంనాడు కుర్రవాడు వచ్చాడు. వాడి చోట వాడు చాప వేసుకున్నాడు. నేను అందరి ముందూ నిలబడి, ఆదివారంనాడు నేను పడటం, వాడు లేపటం, వాడన్న మాట, నేనన్న మాట అన్నీ చెప్పాను. పతంజలి ఆసనానికి రెండు లక్షణాలు చెప్పాడు, నిలకడ ఒకటి, సుఖం ఒకటి. నేను మొదటిదాన్నే పట్టుకుని రెండోదాన్ని మరిచిపోయాను, అన్నాను. ఎవరూ నవ్వలేదు. మామ్మగారు మాత్రం, "మేష్టారూ, ఆ కాలు మీకూ అదురుతుంది. మేం రోజూ చూస్తూనే ఉన్నాం. పెద్దవారు గదా అని ఊరుకున్నాం," అన్నది. అప్పుడు నవ్వారు, నేనూ నవ్వాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. నగరంలో పిల్లలకు సైకిలు ఇవ్వాలంటే భయం నిజమే. ముందు మైదానంలో, తరవాత మీ సందులో, మీరు వెంట ఉండి నేర్పండి. బ్రేకులూ, గంటా చూసుకోవాలి. హేండిలు కూడా చూడాలని ఇప్పుడు నేను గట్టిగా చెప్పగలను. 2023లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. ఎండ తగలకుండా, ఎండతోనే విద్యుత్తు తయారుచేసే పలకలను దానికి కప్పుగా వేశారు. ముచ్చటగా ఉంటుంది. కాని చిక్కడపల్లి పిల్లవాడు సైకిలు మీద అక్కడిదాకా పోవటమే పెద్ద తీర్థయాత్ర! ఇంటినుంచి బడిదాకా అటువంటి దారి ఒక్క మీటరు వెడల్పున ఉన్నా నేను ఎక్కువ సంతోషిస్తాను.

మొన్న రాత్రి వాన పడింది. తెల్లవారి తరగతి అయ్యాక, పార్కు బయట ఒక నీటిమడుగులోంచి నేనూ ఆ కుర్రవాడూ చెరొక సైకిలూ పోనిచ్చి, పొడి నేలమీద తడి గీతలు చూశాం. వెనక చక్రం గీత ఇంచుమించు తిన్నగా పోయింది. ముందు చక్రం గీత దాన్ని అటూ ఇటూ దాటుతూ పాములాగా పోయింది. మెల్లగా తొక్కినకొద్దీ వంకరలు పెద్దవవుతాయని రెండోసారి కనిపెట్టాం. ఆటో ఆయన, దర్జీ, మామ్మగారు కూడా వంగి చూశారు.

కుర్రవాడు రెండు సైకిళ్ళ గీతలవెంటా చివరిదాకా నడిచి వెళ్ళి, తిరిగి వచ్చి, "మీదే వంకర ఎక్కువున్నది సార్," అన్నాడు.