పరిగె యేరిన తల్లి

ఈ మాసమున చీనాదేశపు కవి యొకనిని మీకు పరిచయము చేయదలచితిమి. తాంగు వంశపు చక్రవర్తుల కాలమున, క్రీ.శ. 772లో జన్మించిన బై జూయీ, 800లో రాజోద్యోగ పరీక్షయందు కృతార్థుడయ్యెను. తన పద్యము నొక ముసలమ్మకు వినిపించి, ఆమెకు బోధపడని మాటలు మార్చుచుండెనని యొక కథ గలదు. కథ యెట్లున్నను శైలి యట్టిదే. ప్రబంధములకు టీకాతాత్పర్యములు వెదకుచు పెరిగిన మాకు ఆ ముసలమ్మను తలచిన అసూయయే కలుగును.

807లో ఆయన రాజధాని చాంగానునకు సమీపమున నొక మండలములో చిన్న యధికారి. పన్నుల వసూలును ఆ కొలువులోనిదే. ఒకనాడు గోధుమకోతలు చూచుచుండగా, కోతగాండ్ర ప్రక్కనే యొక పేదరాలు చంకను బిడ్డ నెత్తుకొని, పాడైన బుట్ట చేతికి తగిలించుకొని, రాలిన వెన్నులు పరిగె యేరుచుండెను. తమ పంట యంతయు పన్నులక్రింద పోయినదనియు, ఆకలి తీర్చుకొనుటకు ఈ పరిగెయే దిక్కనియు నామె చెప్పెను. దుక్కి దున్నని తాను సాలుకు మూడువందల కొలతల ధాన్యము జీతము గొనుచున్నందులకు కవి సిగ్గుపడి పద్యము వ్రాసెను.

సిగ్గుపడిన యధికారులు లోకమున లేకపోలేదు. ఈయన యంతటితో విడువలేదు. 809లో అనావృష్టి సంభవింపగా, పన్నులు తగ్గింపుమనియు, అంతఃపుర స్త్రీలను కొందఱ నిండ్లకు పంపుమనియు సహోద్యోగి లీ జియాంగుతో గూడి చక్రవర్తికి విన్నవించెను. ప్రభువు సమ్మతించెను. పదునారేండ్ల ప్రాయమున అంతఃపురము జొచ్చి, రాజుముఖమైనను చూడక, అరువదియేండ్లకు తల నెరసిన యొక స్త్రీనిగూర్చిన పద్యమును ఆ కాలపుదే. మా మనస్సున నాటినది అదియే.

815లో మంత్రి వూ యువాన్‌హెంగు వీధిలో హత్యకు గురికాగా, హంతకులను పట్టవలెనని బై ముందుగా మొఱపెట్టెను. విరోధులు వెదకిన నెపమేమో వినుడు: ఆయన తల్లి పూలు చూచుచు బావిలో పడి మరణించినదట, అట్టి కొడుకు పూలమీదను, బావిమీదను పద్యములు వ్రాసెనట! ఇంతకంటె నీచమైన నింద మే మెఱుగము. ఆయనను దూరమున జియాంగ్‌జౌ పట్టణమునకు తక్కువ పదవికి పంపివైచిరి. వర్తకుడైన భర్త తేయాకు కొనబోగా నావలో నొంటరిగ పిపా వాయించుకొను స్త్రీ కథను 816లో అచ్చటనే వ్రాసెను.

822 మొదలు 824 వఱకు హాంగ్‌జౌ పాలకుడై, పశ్చిమ సరస్సు కట్టను ఎత్తు చేయించి, పొలములకు నీరు విడుచు పద్ధతిని ఱాతిపై చెక్కించెను. నీరు అంగుళము దిగిన నెంత పొలము తడియునో యందు లెక్క గలదు. ఆ సరస్సున యాత్రికులకు నేడు బై పేర చూపు కట్ట వేఱు. ఆయన కట్టించినది మిగులలేదు.